కౌస్తుభ్ తల బాగానే ఉంది

ఈ తప్పు మీ అందరిదీ. పేరుపేరునా చెబుతాను, ఎవరూ పక్కవాడి వెనక దాక్కోవద్దు.

హైకిలా గారూ, పదిహేడేళ్ల పిల్లాడి తలలో ఏదో తేడా ఉందని కాగితం మీద రాశారే, రాసేముందు వాణ్ణి ఒక్క మాట అడిగారా? కోచ్ గారూ, ఆరేళ్లుగా వాడు మీ కళ్ల ముందే ఆ పని చేస్తున్నాడు. ఎందుకు చేస్తున్నావురా అని ఒక్కరోజైనా అనిపించలేదా? అల్లుడు గారూ, ఇంగ్లీషులో వచ్చింది కాబట్టి నిజమే అయ్యుంటుందని నమ్మేశారు కదూ? అలేఖ్యా, కూతురివని నిన్ను వదిలేస్తాననుకోకు. కొడుకు చెయ్యి ఎందుకు లేస్తోందో తల్లికి తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? నువ్వు పెరిగింది చీరాలలోనా, చంద్రమండలంలోనా?

ఇంకో పేరు మిగిలింది. దాని సంగతి చివర్న.

ముందు ఈ ఆట ఏమిటో రెండు ముక్కల్లో. కిందంతా గడ్డకట్టిన ఐసు. కాళ్లకి కత్తులు, చేతిలో వంకర కర్ర. అందరూ కొట్టుకునేది ఒక నల్లటి రబ్బరు బిళ్ల కోసం. గారె అంత ఉంటుంది, మధ్యలో చిల్లు మాత్రం ఉండదు. జట్టుకి ఐదుగురు తిరుగుతూ ఆడతారు, ఆరోవాడు గోల్ దగ్గర కాపలా. ఆ ఐదుగురిలో ఇద్దరు డిఫెన్స్‌మన్‌లు. మా కౌస్తుభ్ అందులో ఒకడు. ఎదుటివాడు బిళ్లతో మీదికొస్తుంటే వీడు వాడి ఛాతీ మీంచి చూపు తిప్పకుండా వెనక్కి వెనక్కి జారుతూ దారి మూసెయ్యాలి. మూలకి తోసి బిళ్ల లాక్కోవాలి. లాక్కున్నది తనవాడికి అందించాలి. ఫొటో మాత్రం గోల్ కొట్టినవాడిదే పడుతుంది. మా నేతపనిలోనూ అంతే, పేపర్లో పడేది చీర కట్టుకున్నామె ఫొటోయే.

హైకిలా గారిది స్కౌట్ ఉద్యోగం. ఊరూరా తిరిగి, ఐస్ అరీనాల్లో పైవరసలో కూర్చుని, ఏ కుర్రాడు ముందుముందు ప్రొఫెషనల్‌గా ఆడగలడో చూసి రాసివ్వడం. పెళ్లిళ్ల పేరయ్య పనే అనుకోండి. కాకపోతే పేరయ్య కనీసం ఇంటికొచ్చి కాఫీ తాగి, నాలుగు ఇళ్లలో విచారించి వెళ్తాడు. ఈయన దూరం నుంచి చూసి రాసేస్తాడు. ఈయన పనిచేసే జూనియర్ జట్టు వేసవిలో ఒక క్యాంప్ పెడుతుంది. పెద్ద లీగుల వాళ్లు కుర్రాళ్లని ఏరుకునేది అలాంటి చోటే. డిఫెన్స్‌మన్‌లకి ఒక్క చోటు మిగిలింది. లిస్టు ఈ ఆదివారం మధ్యాహ్నం పన్నెండింటికి మూసేస్తారు.

పోయిన ఆదివారం భోజనాల దగ్గర అల్లుడు రవికాంత్ ఫోన్ తీసి ఆయన రిపోర్ట్ చదివాడు. కార్ల కంపెనీలో సీట్లు డిజైన్ చేసే మనిషి. సీటు కింద స్ప్రింగు గురించి చెప్పినా గొంతు సవరించుకుని చెబుతాడు.

"వినండి అత్తయ్య గారూ. స్కేటింగ్, చాలా బాగుంది. వెనక్కి తిరగడం, చాలా బాగుంది. లాక్కున్న బిళ్లని మొదటి పాస్ ఇవ్వడంలో ఈ ఏడాది తను చూసిన వాళ్లందరిలో మంచివాళ్ల లిస్టులో వేశాడు."

"మరింకేం," అన్నాను.

రవికాంత్ గొంతు సన్నబడింది. "కింద ఇంకోటి రాశాడు. కాలు ఎవరికి తగిలినా, దేనికి తగిలినా, వీడి చెయ్యి తలకి వెళ్తోందట. ఒక్క గేమ్‌లో పదకొండు సార్లు. పాత దెబ్బ ఏదో దాస్తున్నట్టు అనుమానం, తల సంగతి తేలేదాకా లిస్ట్‌లో పెట్టను, అని."

అలేఖ్య కంచం పక్కకి నెట్టేసింది. "పదకొండు సార్లా! కన్నా, తలనొప్పి వస్తోందా? నిజం చెప్పు, నేనేం అనను."

"మామ్, ఐ యామ్ ఫైన్. నేను అలా చెయ్యను అసలు," అన్నాడు కౌస్తుభ్. అబద్ధం ఆడితే వాడి చెవులు ఎర్రబడతాయి. అప్పుడు ఎర్రబడలేదు.

"చెయ్యనంటావేంటి, ఆయన కౌంట్ చేశాడు!"

"ఆయన ఓల్డ్ కదా. మేబీ ఆయనకే కళ్లు..."

రవికాంత్ లేచొచ్చి వాడి మొహం ముందు చెయ్యి పెట్టాడు. "ఎన్ని వేళ్లు?"

"డాడ్!"

"ఎన్ని వేళ్లో చెప్పరా."

"రెండు. ఒకదానికి పప్పు ఉంది."

నేను నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు. కుర్రాడు కూడా కంచంలోకి చూస్తూ, కూర ముక్కల్ని పక్కకి జరుపుతూ కూర్చున్నాడు. ఆరేళ్ల వయసు నుంచి వారానికి నాలుగు రోజులు పొద్దున ఐదింటికి లేచి ఐసు మీదికి వెళ్తున్నాడు వాడు. ఈ ఊళ్లో మనవాళ్ల పిల్లలు అంత పొద్దున లేచేది ఇండియా క్రికెట్ మ్యాచ్ ఉంటేనే.

మంగళవారం డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లారు. యంత్రంలో పెట్టారు, లైట్ వేసి కళ్లలోకి చూశారు, గీత మీద నడిపించారు. రవికాంత్ బయటికొస్తూనే ఫోన్ చేశాడు. "అత్తయ్య గారూ, తలలో ఏమీ లేదట!"

"ఆ మాట మాత్రం ఇలాగే పంపకండి ఆయనకి," అన్నాను.

పంపారు. హైకిలా గారి నుంచి రెండు లైన్ల జవాబు. దెబ్బ లేనందుకు సంతోషం. మరి చెయ్యి ఎందుకు వెళ్తోంది? కారణం తెలియని అలవాటు ఉన్న డిఫెన్స్‌మన్‌ని ఎవరూ తీసుకోరు, శనివారం ఇంకోసారి వచ్చి చూస్తాను, అదే ఆఖరు.

అప్పట్నుంచి ఇంట్లో తలో సిద్ధాంతం. భయమని అలేఖ్య. హెల్మెట్ సైజు చిన్నదని రవికాంత్, టేపు తెచ్చి కొడుకు తల చుట్టూ కొలిచాడు కూడా. అలేఖ్య స్నేహితురాలు నమ్రత ఫోన్ చేసింది. స్పీకర్ పెట్టారు కాబట్టి నేనూ విన్నాను.

"హాకీ మానిపించెయ్ అలేఖ్యా. రోబోటిక్స్‌లో వెయ్యి. రోబోకి తల పోతే ఇంకోటి ఆర్డర్ చెయ్యొచ్చు."

"వాడికి హాకీ ఇష్టం, నమ్రతా."

"మా వాడికి ఇష్టాలు లేవనుకున్నావా? కాలేజీ సీటుకి ఎస్ఏటీ పరీక్ష అయ్యాక చూసుకోమన్నాను."

బుధవారం మధ్యాహ్నం రవికాంత్ ఇంటి నుంచే పని చేస్తూ, లంచ్ టైమ్‌లో కోచ్ పంపిన వీడియో టీవీలో పెట్టాడు. నేను చిక్కుడుకాయల ఈనెలు తీస్తున్నాను. నేను చీరాల నుంచి ఈ మిషిగన్ వచ్చి రెండు వారాలే అయింది. ఇంతకుముందు మూడుసార్లు వచ్చాను గానీ చలికి భయపడి ఆ అరీనా గడప తొక్కలేదు. వాడు ఐసు మీద ఆడుతుంటే చూడడం అదే మొదలు.

ఇరవై ఏడో నంబర్ చొక్కా, అదే మావాడు. ఎదుటి జట్టువాడు కిందపడ్డాడు. కౌస్తుభ్ స్కేట్ వాడి మోకాలికి తగిలింది. అంతే. మావాడు నడుం వంచి, గ్లవ్‌తో వాడి మోకాలు ముట్టుకుని, ఆ గ్లవ్ హెల్మెట్‌కి ముందున్న జాలీకి ఆనించుకున్నాడు. ఈలోగా బిళ్ల వెళ్లిపోయింది.

నా చేతిలో చిక్కుడుకాయ ఆగిపోయింది.

"చూశారా? ఇంకోటి చూడండి," అని రవికాంత్ ముందుకి జరిపాడు. ఈసారి బిళ్ల నేరుగా వాడి పాదం దగ్గరికొచ్చింది. కాలితో ఆపి కర్రకి అందించుకోవాలట, ప్రతి డిఫెన్స్‌మన్‌కీ వచ్చి తీరాల్సిన విద్య. మావాడు కాలు పైకెత్తి బిళ్లకి దారిచ్చాడు, గుళ్లో పెద్దాయనకి దారిచ్చినట్టు. తర్వాత దాని వెనక పరిగెత్తాడు.

"ఇది చూడండి, దీనికి పెనాల్టీ కూడా వేశారు. కిందపడ్డవాణ్ణి ముట్టుకుని వెక్కిరిస్తున్నాడని."

"వెక్కిరింపా!" అని అరవబోయి నోరు మూసుకున్నాను.

"ఎంత ఆలోచించినా ఇదేంటో నాకు అర్థం కావట్లేదు అత్తయ్య గారూ," అంటూ రవికాంత్ రిమోట్ కోసం లేచాడు. సోఫా పక్కన కార్పెట్ మీద కౌస్తుభ్ ఫిజిక్స్ పుస్తకం పడుంది. కాలు తగిలింది. వంగాడు, పుస్తకం ముట్టుకుని కళ్లకద్దుకున్నాడు, బల్ల మీద పెట్టాడు, మాట ఎక్కడా ఆపలేదు. "ఏదో నరాల ప్రాబ్లెమ్ అయ్యుంటుందంటారా?"

నేనాయన మొహంలోకి చూశాను. ఆయన నా మొహంలోకి చూసి, "మీకూ బాధగా ఉన్నట్టుంది, టీ పెట్టనా?" అన్నాడు.

బంగారం లాంటి అల్లుడు. ఇంజినీరు కూడా.

నేను ఆ క్షణమే చెప్పాల్సింది. చెప్పలేదు. నేతవాళ్ల కోసం కలెక్టర్ మొహం మీద వేలు చూపించి మాట్లాడినదాన్ని, టీ తాగి ఊరుకున్నాను. ఎందుకంటే ఆ అలవాటు వాడికి ఎక్కణ్ణుంచి వచ్చిందో నాకు తెలుసు. మొదటిసారి ఈ ఇంటికొచ్చినప్పుడు వాడికి నాలుగేళ్లు. ఎవరో పుట్టినరోజుకి ప్లాస్టిక్ హాకీ కర్ర ఇచ్చారు. వాడు దాని మీదెక్కి గంతులేస్తున్నాడు. నేతింట్లో పుట్టినదాన్ని, పనిముట్టుని తొక్కితే చూస్తూ ఊరుకుంటానా?

"దిగరా! మనిషికి కాలు తగిలినా, పుస్తకానికి తగిలినా, పనిముట్టుకి తగిలినా ముట్టుకుని కళ్లకద్దుకోవాలి. తెలిసిందా?"

అక్కడితో ఆగానా? లేదు. ఆర్నెల్లు డ్రిల్లు చేయించాను. వాడు చూడకుండా నా కాలు వాడి కాలికి తగిలేలా చాపేదాన్ని. వెంటనే కళ్లకద్దుకుంటే ఒక బెల్లం ముక్క, ఆలస్యమైతే లేదు. వారంలో కుర్రాడు మెరుపులా తయారయ్యాడు. తర్వాత పదమూడేళ్లలో ఎందరు కోచ్‌లు ఎన్ని నేర్పారో నాకు తెలియదు గానీ, నేను నేర్పింది మాత్రం ఎముకలోకి దిగిపోయింది. బెల్లం అలాంటిది.

గురువారం సాయంత్రం కౌస్తుభ్ గరాజ్‌లో ఉన్నాడు. గోడకి ఒక పాత దుప్పటి కట్టి దానికేసి బిళ్లలు కొడుతున్నాడు. నేను వెళ్లి మెట్టు మీద కూర్చున్నాను.

"అమ్మమ్మా, ఇక్కడ కోల్డ్. లోపలికి వెళ్లు."

"ఇలా రా. నా పక్కన కూర్చో."

కూర్చున్నాడు. నేను వాడి కర్ర తీసి కింద పెట్టి, ఏదో వెతుకుతున్నట్టు దాన్ని మెల్లగా వాడి బూటు మీదికి నెట్టాను. వాడి చెయ్యి లేచింది. కర్ర ముట్టుకుంది. కళ్ల దగ్గరికి వెళ్లింది. మధ్యలో వాడికే తెలిసింది. చెయ్యి అక్కడే ఆగిపోయింది, కళ్లు గుండ్రంగా అయ్యాయి.

"ఓ మై గాడ్," అన్నాడు. "ఇదా?"

"ఇదే."

"ఇది నేను గేమ్‌లో చేస్తానా?"

"పదకొండు సార్లు. మీ ముసలాయన కళ్లు బాగానే ఉన్నాయి."

వాడు నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వి నవ్వి మెట్టు మీద వాలిపోయాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. "కానీ అమ్మమ్మా, ఎలా ఆపాలి? నాకు తెలీకుండా అవుతుంది. సాటర్‌డే లాస్ట్ చాన్స్. నేను క్యాంప్‌కి వెళ్లాలి. ఐ రియల్లీ వాంట్ ఇట్."

మానెయ్యరా అని నా నోటితో ఎలా చెప్పను? నేను తప్పు నేర్పలేదు. కానీ వాడి దారికి అడ్డంగా పడుంది నేను నేర్పిందే. వాడి పాదాలకేసి చూస్తూ కూర్చున్నాను. పెద్ద పాదాలు, మా అమ్మవి అలాగే ఉండేవి. ఆ పాదాలు గుర్తొచ్చాక అసలు సంగతి గుర్తొచ్చింది, నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపించింది.

"ఒరేయ్, నీకు నేను సగమే నేర్పాను."

"అంటే?"

"మా అమ్మ మగ్గం నేసేది. మగ్గం కింద గుంట ఉంటుంది. అందులోకి కాళ్లు దించి కూర్చుని, అడుగున ఉన్న చెక్కల్ని కాళ్లతో తొక్కుతూ ఉండాలి. తొక్కితేనే దారాలు పైకీ కిందికీ విడతాయి. పొద్దున్నుంచి చీకటిపడే దాకా తొక్కుడే. పనిముట్టే కదా మగ్గం?"

"యా. సో, ఎవ్రీ టైమ్..." అని చెయ్యి కళ్లకి ఆనించి చూపించాడు.

"అదే నేనూ అడిగాను చిన్నప్పుడు. మా అమ్మ ఏం చేసేదంటే, పొద్దున గుంటలోకి దిగేముందు మగ్గాన్ని ముట్టుకుని ఒక్కసారి కళ్లకద్దుకునేది. అంతే. ఇక సాయంత్రం దాకా కాలు కాలి పని చేస్తుంది. 'పొగరుతో తొక్కితే తప్పు గానీ పని కోసం తొక్కితే తప్పేంటే? తొక్కిన ప్రతిసారీ దణ్ణం పెడుతూ కూర్చుంటే చీరెప్పుడు పూర్తవుతుంది?' అనేది."

వాడు ఒక వేలు ఎత్తాడు. "సో, వన్ టైమ్. గేమ్ ముందు. హోల్ గేమ్‌కి."

"హోల్ గేమ్‌కి."

"ప్రీపెయిడ్ లాగా."

"ఏదో ఒక లాగా."

"ఓవర్‌టైమ్ వస్తే?"

"అదీ కలిపే."

"కింద పడినవాడికి తగిలితే?"

"ఈల ఊదాక వెళ్లి చెయ్యిచ్చి లేపు. ఈల ఊదేదాకా పని."

"రెఫరీకి తగిలితే?"

"నీకు వెక్కిరింపని పెనాల్టీ వేసినాయనేనా?"

"అవును."

"ఆయనకి తగిలినా పర్వాలేదు."

లోపలికి వెళ్లి కూతురికీ అల్లుడికీ చెప్పాను. అలేఖ్య తన చెయ్యి తనే కళ్ల దగ్గరికి తీసుకెళ్లి చూసుకుంది. రవికాంత్ మెల్లగా, "అత్తయ్య గారూ, బుధవారం నేను ఆ పుస్తకం..." అన్నాడు.

"అవునండీ."

"మీరు చూశారు."

"చూశానండీ. టీ బాగుంది."

శనివారం మధ్యాహ్నం ఆట. రవికాంత్ పాత కోటు, దాని మీద నా శాలువా, నెత్తిన మంకీ క్యాప్. బీరువాలా నడుచుకుంటూ వెళ్లి కూర్చున్నాను. కౌస్తుభ్ ఐసు మీదికి దిగేముందు తలుపు దగ్గర ఆగాడు. కర్ర ముట్టుకున్నాడు, వంగి ఐసు ముట్టుకున్నాడు, కళ్లకద్దుకున్నాడు. దిగాడు.

పదమూడేళ్ల బెల్లం రెండు రోజుల్లో కరగదు. మొదటి పీరియడ్‌లో చెయ్యి మూడుసార్లు లేచింది. రెండోదానిలో రెండుసార్లు లేవబోయి నడుం దగ్గరే ఆగింది. అలేఖ్య నా మోచెయ్యి పిండేస్తోంది. పైవరసలో, మూలన, కాగితం కప్పుతో కాఫీ, మోకాలి మీద నోట్‌బుక్, అరవై అయిదు దాటిన మనిషి, హైకిలా గారు. చెయ్యి లేచినప్పుడల్లా పెన్ను కదులుతోంది.

"రండి అల్లుడు గారూ," అన్నాను.

"ఎక్కడికి?"

"పైకి."

"అత్తయ్య గారూ, అలా వెళ్లకూడదు. స్కౌట్‌ని పేరెంట్స్ డిస్టర్బ్ చెయ్యకూడదు, రూలు."

"నేను పేరెంట్‌ని కాదుగా."

ఎక్కాను. మంకీ క్యాప్ చూసి ఆయన కొంచెం వెనక్కి జరిగాడు.

"చెప్పండి ఈయనకి. ఆరోగ్యమైన పిల్లాడి తల మీద ఇలాంటి రాత రాయడానికి పెన్ను ఎలా ఆడిందో అడగండి."

రవికాంత్ ఇంగ్లీషులో ఏదో అన్నాడు. ఆయన నవ్వి, తల ఊపాడు.

"ఏమని చెప్పారు?"

"మీరు వచ్చినందుకు థాంక్స్ చెప్తున్నారని."

నాకు ఇంగ్లీషు మాట్లాడడం రాదు. కానీ ఇటు వేసిన బరువుకీ అటు తేలిన బరువుకీ తేడా నాకు తెలుస్తుంది. అల్లుణ్ణి పక్కకి జరిపాను. హైకిలా గారి మోకాలి మీంచి నోట్‌బుక్ తీసి, దాని అంచు నా బూటు కొనకి తగిలించాను. ముట్టుకున్నాను. కళ్లకద్దుకున్నాను. కింద ఐసు మీదున్న ఇరవై ఏడో నంబర్‌ని చూపించాను. "గ్రాండ్ సన్. ఐ టీచ్."

ఆయన పెన్ను గాల్లోనే ఆగింది. రవికాంత్‌కేసి తిరిగాడు. ఇక తప్పదు కాబట్టి రవికాంత్ ఉన్నదున్నట్టు చెప్పాడు. కాలు, పుస్తకం, పనిముట్టు, బెల్లం. మగ్గం దగ్గరికొచ్చేసరికి ఇంగ్లీషు మాట సరిపోక, నేనే కుర్చీలో కూర్చుని కాళ్లతో తొక్కి చూపించాను, చేత్తో అడ్డదారం పోసే నాడె విసిరినట్టు చూపించాను.

హైకిలా గారు నా పాదాలకేసే చూస్తున్నారు. తర్వాత తనూ బూట్లతో అలాగే తొక్కారు, ఎడమ, కుడి, ఎడమ. వాళ్లది మిషిగన్‌లోనే పైన ఉత్తరాన, ఫిన్లాండ్ నుంచి వచ్చి గనుల్లో దిగిన వాళ్ల ఊరట. వాళ్లమ్మ నేలకింది గదిలో మగ్గం పెట్టుకుని పాతబట్టల పీలికలతో తివాచీలు నేసేదట, చలికాలమంతా.

"ఆవిడ కూడా పొద్దున దణ్ణం పెట్టేదా, అడగండి."

అడిగాడు. ఆయన తల అడ్డంగా ఊపాడు. "లేదట. బూతులు తిట్టేదట."

"పొద్దున ఒక్కసారేనా?"

"రోజంతానట."

ఆయనా నేనూ నవ్వుకున్నాం. రవికాంత్ మాత్రం చుట్టూ చూశాడు, రూలు తెలిసినవాళ్లు ఎవరైనా వింటున్నారేమోనని.

మూడో పీరియడ్ అక్కడే కూర్చుని చూశాను. ఇంకో నాలుగు నిమిషాల్లో ఆట అయిపోతుందనగా ఎదుటి జట్టువాడు బిళ్లతో గాలిలా వచ్చాడు. కౌస్తుభ్ వెనక్కి జారుతున్నాడు. గోడ దగ్గర భుజం వేసి ఆపాడు. వాడు పడ్డాడు, కౌస్తుభ్ స్కేట్ వాడి కాలికి తగిలింది. చెయ్యి లేవలేదు. బిళ్ల గోడకి తగిలి వెనక్కొచ్చింది, సూటిగా మావాడి పాదం మీదికి. వాడు కాలు ఎత్తలేదు. పాదంతో తన్నాడు. బిళ్ల లేచి కర్ర మీద వాలింది, కర్ర మీంచి ఐసు పొడుగునా జారిపోయి అవతల తనవాడి కర్రకి అంటుకుంది. గోల్ పడింది. అరీనా లేచింది. ఈల ఊదారు.

అప్పుడు కౌస్తుభ్ గుంపులోకి పరిగెత్తలేదు. వెనక్కి తిరిగొచ్చి, కిందపడ్డవాడికి చెయ్యిచ్చి లేపాడు. వాడి మోకాలు గ్లవ్‌తో తట్టాడు. ఆ గ్లవ్ హెల్మెట్‌కి ఆనించుకున్నాడు. తీరిగ్గా.

హైకిలా గారు చాలాసేపు రాశారు. లేచి కోటు బొత్తాలు పెట్టుకుంటూ రవికాంత్‌తో చెప్పారు, నాకు మర్యాదగా టోపీ కూడా తీశారు. కారులో కూర్చున్నాక అల్లుడు చెప్పాడు, మొహం వెలిగిపోతూ. "అత్తయ్య గారూ, అయిపోయింది! పాత రిపోర్ట్ కింద ఒక నోట్ చేరుస్తానన్నాడు. అలవాటే, జబ్బు కాదని."

"కిందా? పైన రాసింది?"

"అది అలాగే ఉంటుంది. కింద నోట్ ఉంటుంది కదా."

వెనక సీట్లో కౌస్తుభ్ గ్లవ్‌లు తీసి బ్యాగులో కుక్కాడు. వాడికి అర్థమైంది. నాకూ అర్థమైంది. ఒక్క చోటుంది. కాగితాలు తిరగేసేవాడు వందమంది పేర్లు చూస్తాడు. మా పేటలో సుబ్బాయమ్మ మగ్గం ఆడట్లేదని చేనేత సొసైటీ రిజిస్టర్‌లో ఒకడు రాశాడు. ఆడుతోందని తర్వాత ఇంకొకడు వచ్చి కింద చిన్న చీటీ అంటించాడు. ఎనిమిదేళ్లపాటు అందరూ పైమాటే చదివారు. చీటీని చెదలు చదివాయి.

అందుకే ఇంటికి రాగానే, మంకీ క్యాప్ కూడా తియ్యకుండా ఇది రాస్తున్నాను. మొదట్లో ఒక పేరు ఆపాను కదా. అది నాదే, చీరాల నాగమణి. పిల్లాడికి సగం నేర్పి, మిగతా సగం పదమూడేళ్లు మర్చిపోయిన మొదటి ముద్దాయిని నేను. నా తప్పు ఒప్పుకున్నాను, గరాజ్ మెట్టు మీద దిద్దుకున్నాను కూడా. ఇక మీ వంతు.

కోచ్ గారూ, సోమవారం మీ మిగతా పిల్లల్లో ప్రతి ఒక్కణ్ణీ అడగండి, నువ్వు చేసే ఆ పని ఎందుకు చేస్తున్నావని. అలేఖ్యా, టీవీ కింద పెట్టిన ఆ స్కానింగ్ కవరు తీసి లోపల పడెయ్, వచ్చినవాళ్లందరికీ చూపించకు. అల్లుడు గారూ, దీన్ని ఉన్నదున్నట్టు ఇంగ్లీషులో పెట్టి ఇప్పుడే పంపండి. ఎక్కడైనా ఒక్క థాంక్స్ చేర్చారో, రేపట్నుంచి టీ నేను పెడతాను, అందులో అల్లం మీరు అడిగినంత వెయ్యను.

హైకిలా గారూ, మీకు నోట్ చేర్చే కష్టం వద్దు. పాత మాట కొట్టెయ్యండి. మీ నోట్‌బుక్‌లోనూ, మీరు పంపిన రిపోర్ట్‌లోనూ, రెండు చోట్లా. లిస్టు మూసేది రేపు మధ్యాహ్నం పన్నెండింటికి. ఆలోపు కొట్టేసి, ఆ జాగాలో మీరీవేళ కళ్లారా చూసింది రాయండి.